తెలియనిదానికి ఎన్ని పేర్లు

వికారాబాదు,
18 జూన్ 1961

తమ్ముడు మొగులప్పకు,

అక్క ఆశీస్సులు. నువ్వు తాండూరు స్టేషనులో గూడ్సు గుమాస్తాగా చేరిన సంగతి కార్డు చూసి తెలుసుకున్నాం. కార్డు మీద నాలుగు వాక్యాలు రాశావు, అందులో మూడు ఎండ గురించే. సర్కారు ఉద్యోగం దొరకగానే కాగితం అంత ప్రియమైపోయిందా?

బడి తెరిచారు. హెడ్మాస్టరు గారు ఎనిమిదో తరగతి తెలుగు నా నెత్తిన పెట్టారు. వాచకంలో ఒక పాఠం కింద పదాలిచ్చారు: వింత, రహస్యం, మర్మం, గూఢం, మాయ, అంతుచిక్కనిది. అన్నింటికీ ఎదురుగా ఒకటే అర్థం అచ్చు వేశారు, "తెలియనిది" అని. పిల్లలు దాన్నే బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఏ మాట ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో చెప్పి తీరాలని పంతం పట్టాను. నువ్వు రోజూ పదిమందితో మాట్లాడే పనిలో ఉన్నావు. అక్కడి జనం ఈ మాటలు ఎట్లా వాడుతున్నారో విని రాయి.

ఇక అసలు సంగతి. నీకు తాండూరు వేశారని తెలిసిన రోజు నుంచి అవ్వ నన్ను నిలవనీయడం లేదు, కన్నతల్లి ప్రాణం కదా. అప్పుడు నువ్వు హాస్టల్లో చదువుకునే పిల్లవాడివి, నీకు పూర్తిగా తెలియదు. రజాకార్ల గొడవ అణిగిన మరుసటి ఏడు మన ఊరు పూడూరులో కూలి దొరక్క మీ అన్న చంద్రప్ప తాండూరు బండల గనులకు పోయాడు. పక్కింటి గోవిందమ్మ కొడుకు హనుమంతు గొర్రెల మందను పాలివాళ్లకు అప్పజెప్పి వాడి వెంటే పోయాడు. ఒక దసరాకు ఇద్దరూ వచ్చి వెళ్లారు. ఆ తర్వాత కబురు లేదు. నాయన తాండూరు పోయి వారం రోజులు తిరిగాడు. ఏ గనిలో అడిగినా చంద్రప్ప అనేవాడు లేడు, హనుమంతు అనేవాడు లేడు, ఎప్పుడూ లేరు అన్నారట. నాయన ఆ మాట మోసుకొచ్చాడు. ఆ దిగులుతోనే పోయాడు.

ఈస్టరు రోజు తెల్లవారగానే మనవాళ్లంతా తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టి పూలు పెడతారు కదా. అవ్వ ఏటా నన్ను వెంటబెట్టుకుని పూడూరు పోయి నాయన సమాధికి సున్నం వేస్తుంది. వేశాక, ముంతలో మిగిలిన సున్నాన్ని చూస్తూ నిలబడుతుంది. ఈసారి నీకు ఇట్లా రాయమంది: "బతికుంటే తోల్కరమ్మను. సచ్చిపోతే యాడ పెట్టిన్రో సూపియ్యమను. గంతకంటె నాకేమొద్దు."

రాశాను. వెతుకు.

నీ అక్క,
రాహేలమ్మ


తాండూరు,
9 జూలై 1961

అక్కకు వందనాలు.

ఎండ గురించి రాశానని దెప్పావు గనుక ఈసారి దుమ్ము గురించి రాస్తాను. ఇక్కడ బండల దుమ్ము తినని మనిషి లేడు. వ్యాగన్లకు బండలు ఎక్కిస్తుంటే స్టేషనంతా సున్నం కొట్టినట్టవుతుంది. నా తల నెరిసిందని హమాలీలు నాకు పిల్లను చూడడం మానేశారు.

నీ మాటల సంగతి. ఇక్కడ వింత అని ఎవరూ అనరు, గమ్మత్తు అంటారు. మొన్న ఒక ఎద్దు పట్టాల మధ్య పడుకుని ఎంత కొట్టినా లేవకపోతే స్టేషనుమాస్టరు నుంచి హమాలీ దాకా "గమ్మత్తుగున్నది" అని నవ్వుకుంటూ నిలబడ్డారు. మర్మం అనే మాట పాస్టరు గారి నోట తప్ప వినలేదు. ఆయన ప్రసంగంలో దేవుని మర్మం దగ్గరికి రాగానే వెనక వరుస కునుకు తీస్తుంది. మా ఆఫీసుకు ప్రాణం పోసిన మాట గాయబ్. సరుకు గాయబ్ అయిందని రాసేస్తే చాలు, ఇక ఎవరినీ నిలదీయనక్కర్లేదు.

అన్న గురించి. వచ్చినప్పటి నుంచి ఆదివారం ఆరాధన కాగానే గనుల వెంట తిరుగుతున్నాను. "చంద్రప్పనా? యే చంద్రప్ప? ఎర్కలేదు సారు" అంటున్నారు. కన్నడం వాళ్లు "గొత్తిల్ల" అంటున్నారు. ఏ ఊరు మనది అని అడిగితే వికారాబాదు అని చెబుతున్నాను. వాళ్లు దాస్తున్నారని నాకు అనిపించలేదు అక్కా. దాచేవాడు కాస్త ఆలోచించి చెబుతాడు. వీళ్లు ఆలోచించకుండానే లేదన్నారు.

నాకు పెద్దగా ఆశ లేదు. అవ్వకు మాత్రం ఇంకా వెతుకుతున్నానని చెప్పు.

నీ తమ్ముడు,
మొగులప్ప


వికారాబాదు,
20 ఆగస్టు 1961

తమ్ముడికి,

గాయబ్ మాటకు నవ్వుకున్నాను. అవ్వకు చదివి వినిపించలేదు.

పాఠం చెప్పాను. వింత జరగాలంటే చూసేవాళ్లు ఉండాలి, చూసి నోరు తెరవాలి. మాయ అంటే కంటికి కనబడి మోసం చేయాలి. గూఢం అంటే దాని మీద ఏదో కప్పి ఉండాలి. రహస్యం అంటే కనీసం ఒక్కరికైనా తెలిసి ఉండాలి, తెలిసి నోరు మూసుకోవాలి. అంతుచిక్కలేదు అనాలంటే అంతు చూద్దామని ఎవరో ఒకరు దిగి ఉండాలి; బావిలో దిగనివాడు లోతు అంతుచిక్కలేదని అనడానికి వీల్లేదు. ఇట్లా చెప్పుకుంటూ పోతుంటే నాకే ముచ్చటేసింది. అప్పుడు చివరి బల్ల మీది పిల్ల లేచి, "మరి ఎవరికీ తెలియక, ఎవరూ వెతకకపోతే దాన్నేమంటారు టీచర్?" అని అడిగింది. గంట కొట్టారు, బతికిపోయాను.

నిన్న సంతకు గోవిందమ్మ పూడూరు నుంచి నెయ్యి అమ్ముకోవడానికి వచ్చింది. ఎప్పటిలాగే మనింట్లో దిగి, ఒక చిన్న గిన్నెడు నెయ్యి అవ్వకు పెట్టింది. ఇద్దరూ గడప మీద కూర్చున్నారు.

"తాండూరుల మస్తుమంది ఉంటరంట వదినె," అంది గోవిందమ్మ. "గంతమందిల ఇద్దరు పిలగాండ్లు దొర్కుడంటె కష్టమే."

"దొరుకుతరు," అంది అవ్వ. "మొగులప్ప సదువుకున్నోడు. కాయితాలు సూసి పడ్తడు."

నువ్వేదో కాగితాలు చూసి పట్టేస్తావని అవ్వ నమ్మకం. చదువు మీద ఆమెకున్నంత నమ్మకం నాకు లేదు. ఒక్క సంగతి చెప్పు, మన చంద్రప్ప ఏ మాట కిందికి వస్తాడు? ఎవరికీ తెలియదంటున్నావు గనుక రహస్యం కాడు. నాయన వారం తిరిగాడు, నువ్వు తిరుగుతున్నావు గనుక అంతుచిక్కనివాడు అనవచ్చునేమో. ఆ మాట ఇప్పుడే అనను. ఇంకొన్నాళ్లు తిరుగు తమ్ముడూ.

నీ అక్క


తాండూరు,
15 అక్టోబరు 1961

అక్కకు,

ఈ ఉత్తరం బడిలోనే చదువు. ఇంటికి తీసుకుపోకు.

గనుల మేస్త్రి ఒకాయన, కిష్టప్ప అని ముసలాయన, వ్యాగన్ల లెక్క చూడడానికి వస్తుంటాడు. మొన్న ప్లాట్‌ఫారం మీద పోతుంటే "కిష్టప్పా, ఓ కిష్టప్పా" అని పిలిచాను. తిరగలేదు. చెవుడేమో అనుకున్నాను. అంతలో ఒక హమాలీ అటు చివర నుంచి "ఓ దోమా!" అన్నాడు. ముసలాయన చటుక్కున తిరిగాడు.

అదేమిటని అడిగితే నవ్వాడు. "గనిల పేరువెట్టి ఎవడు పిలుస్తడు సారు? ఊరి పేరే. గాడు కోట్‌పల్లి, గీడు పరిగి, నేను దోమ. పేరంటె నాకే మర్శిపోయె."

"పూడూరు అని ఎవరైనా ఉండెనా?" అన్నాను.

"లేకేం? మా గనిల ఇద్దరుండె. పెద్ద పూడూరు, చిన్న పూడూరు."

అక్కా, నాయన చంద్రప్ప, హనుమంతు అని పేర్లు పట్టుకుని తిరిగాడు. కన్నకొడుకును ఊరి పేరుతో ఎవరు అడుగుతారు? మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే వికారాబాదు అని చెప్పి ఉంటాడు. పూడూరంటే పరాయిచోట ఎవరికి తెలుస్తుందని మనందరం అట్లాగే చెబుతాం, నేనూ అట్లాగే చెప్పాను. ఆ ఒక్క మాట మన నోటి నుంచి వచ్చి ఉంటే మొదటి రోజే ఎవరో ఒకరు చెప్పి ఉండేవారు. ఎవరూ దాచలేదు. మనం అడగలేదు.

తర్వాతిది నెమ్మదిగా చదువు. వాళ్లు వచ్చిన రెండో ఏడు వానలకు గని అంచు విరిగి పడింది. ఒక పూడూరు కింద ఉండిపోయాడు. తీయడానికి వీలుకాలేదట. యజమాని ఆ గని మూసేసి పనికిరాని రాయంతా అందులోనే పోయించాడు. రెండో పూడూరు ఆ రోజే కూలి కూడా అడగకుండా ఎటో వెళ్లిపోయాడు. ఉన్నవాళ్లు కూడా తలా ఒక గనికి చెదిరిపోయారు.

"పోయింది పెద్దోడా, చిన్నోడా?" అని అడిగాను. "యాదికి లేదు సారు. నేను ఆ దినం జరంతోని పండుకోనుంటి. ఒక పూడూరు పోయిండు, ఒక పూడూరు ఉరికిండన్నరు. పేర్లా? పేర్లు ఎవ్వలం అడగలే."

అవ్వకు ఇప్పుడే చెప్పకు. ఆ రోజు గనిలో ఉన్నవాళ్లు ఎవరైనా దొరుకుతారేమో చూస్తాను.

మొగులప్ప


వికారాబాదు,
12 నవంబరు 1961

తమ్ముడికి,

చెప్పేశాను. బడిలోనే చదివాను, కానీ ముఖం బడిలో వదిలి రాలేను కదా. ఆ రోజు సంత. అవ్వ, గోవిందమ్మ ఇద్దరూ గడప మీదే ఉన్నారు. అవ్వ నన్ను చూడగానే "సెప్పు" అంది.

చెప్పాక ముందు గోవిందమ్మే అంది, "ఉరికినోడు నావోడే వదినె. సిన్నప్పటి సంది గొర్లెంబడి ఉరుకుడు మరిగిండు."

"నావోడు గూడ ఉరుకుతడు," అంది అవ్వ.

అంతే. గోవిందమ్మ నెయ్యి గిన్నె ఎత్తుకుని వెళ్లిపోయింది. తర్వాతి సంతకు రాలేదు. ఆ మీది సంతకు వచ్చి మన వీధి తప్పించుకుని పోయింది. ఇన్నేళ్లు ఒకే దుఃఖాన్ని ఒకే గడప మీద పంచుకున్న మనుషులు తమ్ముడూ. ఇప్పుడు ఒకరి కొడుకు బతకాలంటే రెండో ఆమె కొడుకు ఆ రాళ్ల కింద ఉండాలి. అవ్వ ప్రార్థనకు కూర్చుని నోరు తెరవలేకపోవడం చూశాను. ఏమని అడుగుతుంది?

పోయిన వారం నాతో చెప్పకుండా బస్సెక్కి పూడూరు పోయింది. సాయంత్రం తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చుంది.

"గోవిందమ్మకు చెప్పొచ్చిన. కింద ఉన్నది మనోడే అని. నాకు కల్ల కనవడి చెప్పిండన్న."

"కలలో కనబడ్డాడా?" అన్నాను.

"కల లేదు, ఏం లేదు. ఆమెకొక్కడే బిడ్డ. నాకు మీరిద్దరున్నరు."

నాకు కోపం వచ్చింది. మన చంద్రప్పను నువ్వెట్లా ఇచ్చేస్తావు, వాడేమన్నా గుమ్మడికాయా, ఇరుగుపొరుగుకు పంచడానికి, అని అరిచాను. ఆ తర్వాత ఏడ్చాను. అవ్వ ఏడవలేదు. ఆ రాళ్ల కుప్ప చూడాలని ఉందట. క్రిస్మసు కాగానే నువ్వు వచ్చి తీసుకుపో. నాకు బడి ఉంటుంది, ఉండకపోయినా నేను చూడలేను.

రాహేలు


తాండూరు,
10 జనవరి 1962

అక్కకు,

అవ్వను రేపటి ప్యాసింజరుకు ఎక్కిస్తాను.

గని దగ్గరికి తీసుకుపోయాను. చూడడానికి ఏమీ లేదు. గుట్టంత చెత్తరాయి, మధ్యలో తుమ్మ చెట్లు మొలిచాయి. కిష్టప్ప కూడా వచ్చాడు. ఏ మూలన జరిగిందని అవ్వ అడిగితే అటు వైపు అని చెయ్యి చూపాడు, అదీ కచ్చితంగా కాదు. అవ్వ కొంగులో మూటగట్టుకొచ్చిన సున్నం తీసి, నీళ్లు అడిగి కలిపి, దగ్గరున్న ఒక బండకు చేత్తో పూసింది. ఒక్క బండకే.

"ఎట్లుండెటోడు అయ్యా నా కొడుకు?" అని కిష్టప్పను అడిగింది. ఆయన నా వైపు చూసి, "మంచోడుండె అవ్వా. పాటలు పాడుతుండె" అన్నాడు. ఏ పూడూరు పాడేవాడో ఆయనకు తెలియదని నాకు తెలుసు. అవ్వకు కూడా తెలుసుననుకుంటాను. అయినా తల ఊపింది.

నువ్వు మాటల అర్థాలు అడుగుతుంటావు. గూఢం అంటే పైన ఏదో కప్పి ఉండాలన్నావు. ఆ కుప్ప ముందు నిలబడితే నాకా మాట గుర్తొచ్చి అసహ్యం వేసింది. ఇక నన్ను ఆ పాఠం గురించి అడగకు.

వ్యాగన్ల పని మీద వచ్చే నెల నన్ను షాబాదు పంపిస్తున్నారు.

మొగులప్ప


వికారాబాదు,
4 మార్చి 1962

తమ్ముడికి,

రెండు నెలలుగా నీ నుంచి ఒక్క ముక్క లేదు. షాబాదు పోయి వచ్చావని రైల్వేవాళ్ల ద్వారా తెలిసింది. ఒంట్లో బాగుందా?

అవ్వ తాండూరు నుంచి వచ్చాక మంచానికి దగ్గరైంది. తిండి తగ్గింది, దగ్గు పెరిగింది. గుట్ట మీది దవాఖానకు పోదామంటే వద్దంటుంది. అయితే మనసు నెమ్మదిగా ఉంది. అడిగినవాళ్లకు "నా కొడుకు దొరికిండు" అని చెబుతోంది. గోవిందమ్మ మళ్లీ వస్తోంది. ఇప్పుడు నెయ్యి చిన్న గిన్నెలో కాదు, చెంబుతో తెస్తోంది. అవ్వ తలకు నూనె పెట్టి దువ్వి, కాళ్లు పట్టి, చీకటి పడే దాకా ఉండి పోతోంది. ఆమెకు ఎట్లా రుణం తీర్చుకోవాలో తెలియడం లేదు పాపం. వాళ్లిద్దరినీ చూస్తుంటే, ఏమీ దక్కని చోట ఈ మాత్రం దక్కిందే చాలుననిపిస్తోంది.

నువ్వెందుకు రాయడం లేదు? నువ్వు నా దగ్గర మాటలు దాచుకునే పిల్లవాడివి కావు.

నీ అక్క


తాండూరు,
20 మార్చి 1962

అక్కకు,

దాచుకున్నాను. ఇంక నా వల్ల కావడం లేదు.

షాబాదులో పని అయిపోయాక అక్కడి గనుల్లో అడిగాను. ఈసారి తెలివితో పూడూరు అనే అడిగాను. జంగప్ప అనే మేస్త్రి, అక్కడి మన సంఘంలో పెద్ద, వెంటనే "ఉండె" అన్నాడు. తాండూరు నుంచి పరుగెత్తుకొచ్చిన పూడూరు ఆయన దగ్గరే పని చేశాడట. 1954లో జ్వరంతో పోయాడు. ప్రాణం పోయే ముందు, సమాధుల దొడ్డిలో పెట్టాలంటే పేరు కావాలని జంగప్ప అడిగితే అప్పుడు చెప్పాడట.

చంద్రప్ప. అక్క పేరు రాహేలమ్మ. తమ్ముడు హాస్టల్లో చదువుతున్నాడు.

గనిలో ఆ రోజు అన్న పైన ఉండి, గడ్డపార కింద పడితే తెమ్మని హనుమంతును కిందికి దింపాడట. అంతలో అంచు విరిగింది. ఊరికి ఎందుకు పోలేదని జంగప్ప చాలాసార్లు అడిగాడట. "ఏం మొకం వెట్టుకోని పోవాలె? గోవిందమ్మత్త నా కొడుకేడి అంటె ఏం జెప్పాలె?" అనేవాడట. కబురు పెడతానన్నా వద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఏళ్లన్నీ అన్న రైల్లో ఒక పూట ప్రయాణమంత దూరంలో బతికే ఉన్నాడు.

సమాధి చూశాను. మట్టి దిబ్బ, తలవైపు ఒక బండ. అవ్వ అడిగింది సరిగ్గా ఇదే కదా అక్కా, యాడ పెట్టిన్రో సూపియ్యమంది. ఈస్టరుకు ఇంకా నెల రోజులుంది, తీసుకుపోవచ్చు. కానీ చూపిస్తే గోవిందమ్మత్తకు తెలిసిపోతుంది, రాళ్ల కింద ఉన్నది ఎవరో. ఆమెకు ఇంకెవరూ లేరు. చూపించకపోతే అవ్వ పరాయి కొడుకు మీద సున్నం పూసి పోతుంది. నువ్వు పెద్దదానివి. నువ్వే చెప్పు.

మొగులప్ప


వికారాబాదు,
5 ఏప్రిల్ 1962

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు ఊరికే తిరిగాను. చెబుదామని అవ్వ మంచం పక్కన కూర్చున్నాను. రెండుసార్లు కూర్చున్నాను. దవాఖాన డాక్టరు ఇంటికే వచ్చి చూశాడు, ఎండలు ముదిరేదాకా ఉండదన్నాడు.

చెప్పను. అవ్వ తన జన్మకంతా ఒక్కటే దానం చేసింది. నేను నిజం చెబితే, నువ్విచ్చింది చెల్లదని చెప్పినట్టవుతుంది. ఆమెకు దక్కేది ఒక మట్టి దిబ్బ, అదీ ఆమె పోయి చూడలేనంత దూరంలో. దానికోసం గోవిందమ్మను నిలువునా పాతిపెట్టాలి. చంద్రప్ప బతికినన్నాళ్లు ఏ మాట గోవిందమ్మకు చెప్పలేక ఊరికి రాలేదో, ఆ మాట నేను మాత్రం ఎట్లా చెప్పను?

ఎవరికీ తెలియదనుకున్నన్నాళ్లు మనకు దుఃఖం ఒక్కటే ఉండేది. ఇప్పుడు మనిద్దరికీ తెలుసు గనుక ఇది రహస్యం. దీన్ని మోయాల్సి ఉంటుందని నేను పిల్లలకు చెప్పలేదు. అప్పటికి నాకే తెలియదు.

ఈస్టరుకు నువ్వొక్కడివే షాబాదు పో. సున్నం కొట్టు. బండ మీద పేరు రాయించకు.

ఇంకో సంగతి. గోవిందమ్మ ఈ ఎండల్లోనే ఇంటి మీది పాత గడ్డి తీయించి కొత్తది కప్పిస్తోంది. రెండు గొర్రెలు అమ్మి వాసాలు కొన్నది. నిన్న సంతలో నన్ను ఆపి, నా చెయ్యి పట్టుకుంది. "మొగులప్పకు రాయి బిడ్డ. మా హనుమంతు వచ్చేటాల్లకు ఇల్లు కురవొద్దు. నాకు మొగదిక్కు లేకపాయె. రెండు దినాలు సెలవు వెట్టి వచ్చి, తమ్ముడు జర చెయ్యేస్తడా?" అంది.

వస్తావని చెప్పాను.

నీ అక్క,
రాహేలమ్మ